పాట ఒకరిది, పేరు ఇంకొకరిది
అమెరికా పాటల ప్రక్రియలు: పుట్టుక, లక్షణాలు

పోయిన నెల మన శాఖ సెమినార్‌లో నేను అమెరికా జనాదరణ సంగీతం గురించి పది నిమిషాలు మాట్లాడాను. "రాక్ అండ్ రోల్ 1950లలో ఎల్విస్ ప్రెస్లీతో మొదలైంది" అని చాలా ధైర్యంగా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక జూనియర్ లేచి, "అక్కా, ఆయన పాడిన పాటలు ఆయన కట్టుకున్నవేనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "తర్వాత చెప్తా" అని కూర్చున్నాను. చెప్పాల్సిన ఆ జవాబే ఈ వ్యాసం. చదివాక తెలిసింది, ఆ రోజు నేను చెప్పిన మాటే తప్పని.

ముందు ఒక చిన్న విషయం. మన క్లాసులో ప్రక్రియ అంటే లక్షణం చెప్పమంటారు. శతకమంటే నూరుకు తగ్గని పద్యాలు, చివర మకుటం. ద్విపద అంటే రెండేసి పాదాలు. పేరు వినగానే లక్షణం తెలిసిపోతుంది. అమెరికా పాటల ప్రక్రియలు కూడా అలాగే ఏర్పడి ఉంటాయని అనుకున్నాను. కానీ అక్కడ కొన్ని పేర్లు పాట లక్షణాన్ని బట్టి రాలేదు. ఆ రికార్డును ఎవరికి అమ్మాలి అన్నదాన్ని బట్టి వచ్చాయి. అందుకని ఒక్కో ప్రక్రియకూ రెండు ప్రశ్నలు వేసుకున్నాను. వింటే ఎలా ఉంటుంది? ఆ పేరు ఎవరు పెట్టారు?

డోలు పోయింది, చప్పట్లు మిగిలాయి

అమెరికా పాటకు రెండు పెద్ద వేర్లున్నాయి. ఒకటి బానిసలుగా పట్టుకొచ్చిన పశ్చిమ ఆఫ్రికా ప్రజలది. రెండోది బ్రిటన్, ఐర్లాండ్ నుంచి వలసవచ్చిన వాళ్ళ కథాగేయాలు, ఫిడేలు వరసలు. ఈ రెండోవి అపలాచియన్ కొండ ఊళ్ళలో బాగా నిలిచాయి.

1739లో సౌత్ కరోలినాలో స్టోనో అనే చోట బానిసలు తిరగబడ్డారు. డోళ్ళు మోగించుకుంటూ జనాన్ని కూడగట్టారు. మరుసటి ఏడు, అంటే 1740లో, అక్కడి ప్రభుత్వం బానిసలు డోలు వాయించకూడదని చట్టమే చేసింది. వాద్యం పోయినా లయ పోలేదు. చప్పట్లలోకి, కాళ్ళ దరువులోకి, పలుగు పారల దెబ్బలోకి దిగింది. పొలంలో ఒకరు ఒక మాట అందుకుంటే మిగతావాళ్ళు బదులు పాడతారు. ఈ 'పిలుపు - బదులు' పద్ధతి తర్వాత వచ్చిన అమెరికా ప్రక్రియలు చాలావాటిలో ఉంది. నాట్లప్పుడు ఒకావిడ పాట అందుకుంటే వరసలో వంగినవాళ్ళంతా పలకడం మనకు తెలిసిందే కాబట్టి దీన్ని ఎక్కువ వివరించను.

న్యూ ఆర్లియన్స్‌లో మాత్రం ఆదివారాలు కాంగో స్క్వేర్ అనే మైదానంలో బానిసలు చేరి డోళ్ళు కొట్టి ఆడుకునే వీలుండేది. తర్వాత జాజ్ పుట్టిన ఊరు కూడా అదే.

ఇక బాంజో. సినిమాల్లో తెల్ల కౌబాయ్ చేతిలో చూసి అది వాళ్ళదే అనుకుంటాం. కానీ సొరకాయ బుర్రకు తోలు బిగించి తీగలు కట్టే ఆ వాద్యం ఆఫ్రికా నుంచి వచ్చిన వాళ్ళ చేతుల్లో తయారైంది. 1830, 40లలో తెల్లవాళ్ళు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్ళను వెక్కిరిస్తూ ఆడే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు మొదలయ్యాయి. బాంజో దేశమంతా పాకింది వాటి వల్లే. వాద్యాన్ని తీసుకున్నారు, వాయించే మనిషిని ఎగతాళి చేశారు.

బ్లూస్: మూడు పాదాల పాట

1865లో బానిసత్వం రద్దయింది. కానీ భూమి లేదు, కౌలు బాకీలు తీరవు. మిసిసిపీ వైపు పత్తి పొలాల్లో, రైలు స్టేషన్లలో ఒంటరిగా గిటారు పట్టుకుని పాడుకునే పాటగా 19వ శతాబ్దం చివర బ్లూస్ రూపు కట్టింది.

దీని లక్షణం చెప్పడం తేలిక. ఒక చరణానికి మూడు పాదాలు. మొదటి పాదమే రెండోసారి వస్తుంది. మూడో పాదం దానికి జవాబు చెప్తుంది. అర్థం కావడానికి నేనే ఒకటి కట్టాను:

రైలు వెళ్ళిపోయింది, ప్లాట్‌ఫారం మీద నేనున్నా
అవును, రైలు వెళ్ళిపోయింది, ప్లాట్‌ఫారం మీద నేనున్నా
చేతిలో టికెట్టుంది గానీ, ఎక్కనివ్వని ఊళ్ళో ఉన్నా

ఒక్కో పాదానికి నాలుగు బార్లు, ఒక్కో బారుకు నాలుగు దెబ్బలు. మొత్తం 12 బార్లు, 48 దెబ్బలు. పాదం పాడటానికి సుమారు రెండు బార్లు చాలు. మిగిలిన రెండింటిలో గిటారు బదులు పలుకుతుంది. పొలంలో గుంపు చెప్పే బదులు ఇక్కడ వాద్యానికి వచ్చిందన్నమాట. ఆధారంగా మోగే స్వరాల గుంపులు మూడే. మొదటి పాదమంతా షడ్జమం మీద, రెండో పాదంలో మధ్యమానికి వెళ్ళి మళ్ళీ షడ్జమానికి, మూడో పాదంలో పంచమం తాకి తిరిగి ఇంటికి. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు ఇంకో మాట: గాయని పలికే గాంధారం సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో ఊగుతుంటుంది. నిషాదం కూడా అంతే. పియానో మెట్ల మధ్య ఇమడని ఈ స్వరాలను 'బ్లూ నోట్స్' అంటారు. ఆ జీర అక్కడి నుంచే వస్తుంది.

అచ్చులోకి బ్లూస్‌ను ఎక్కించినవాళ్ళలో పేరున్న మనిషి డబ్ల్యు.సి. హ్యాండీ. 1912లో 'మెంఫిస్ బ్లూస్', 1914లో 'సెయింట్ లూయిస్ బ్లూస్' ప్రచురించాడు. రికార్డు మీదికి ఎక్కించింది మాత్రం ఒక స్త్రీ. 1920 ఆగస్టులో న్యూయార్క్‌లో మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని 'క్రేజీ బ్లూస్' పాడింది. నల్లవాళ్ళు రికార్డులు కొనరని అంతవరకూ కంపెనీల నమ్మకం. ఆ రికార్డు విపరీతంగా అమ్ముడుపోయింది. కంపెనీలు పరుగున గాయనుల కోసం వెతికాయి. మా రైనీ, బెస్సీ స్మిత్ అలా వచ్చారు. బెస్సీ స్మిత్‌కు పేరు తెచ్చిన 1923 నాటి 'డౌన్‌హార్టెడ్ బ్లూస్' కట్టింది కూడా ఇద్దరు స్త్రీలే, అల్బెర్టా హంటర్, లవీ ఆస్టిన్. తాగి కొట్టే మగడు, ఇల్లు ముంచిన వరద, జైలు, ఊరు విడిచే రైలు - వీళ్ళ పాటల్లో వస్తువు అదీ. అంటే 1920లలో బ్లూస్ రికార్డు అంటే ముందుగా ఆడగొంతు. గిటారుతో ఒంటరి మగవాడి బొమ్మ కొనేవాళ్ళ మనసులో పడింది తర్వాత.

రెండు వరసల నంబర్లు

ఇక్కడే నా మొదటి ప్రశ్నకు జవాబు దొరకడం మొదలైంది. రికార్డులు అమ్ముడవుతున్నాయని తెలిశాక కంపెనీలు కేటలాగును రెండుగా చీల్చాయి. నల్లవాళ్ళు పాడినవి 'రేస్ రికార్డ్స్'. దక్షిణాది పల్లె తెల్లవాళ్ళు పాడినవి 'హిల్‌బిల్లీ' లేదా పాతకాలపు పాటలు. కొలంబియా కంపెనీలో 14000 వరస నంబరుంటే మొదటి రకం, 15000 వరస నంబరుంటే రెండో రకం. రెండు వరసల్లోనూ 12 బార్ల బ్లూస్ ఉండేది. తేడా పాటలో లేదు, పాడినవాళ్ళ ఒంటి రంగులో ఉంది. 'రేస్' అనే మాట అప్పటికి తిట్టు కాదు, నల్లజాతి పత్రికలే గర్వంగా వాడేవి. కానీ దుకాణంలో అది గోడ అయ్యింది.

హిల్‌బిల్లీ వరసే తర్వాత కంట్రీ సంగీతమైంది. 1927లో రాల్ఫ్ పీర్ అనే నిర్మాత టెనెసీలోని బ్రిస్టల్ ఊళ్ళో యంత్రాలు పెట్టి చుట్టుపక్కల పాడేవాళ్ళను రమ్మన్నాడు. కార్టర్ కుటుంబం, జిమ్మీ రోజర్స్ అక్కడే మొదటిసారి రికార్డయ్యారు. కంట్రీ లక్షణాలు: కథ చెప్పే పాట, ఫిడేలు, బాంజో, గిటారు, కొంచెం ముక్కుతో పలికే గొంతు, ఇల్లు-దేవుడు-ప్రయాణం అనే వస్తువు. కార్టర్ కుటుంబంలో మేబెల్ కార్టర్ గిటారు మీద బొటనవేలితో కింది తీగల మీద పాట వరస పలికిస్తూ, మిగతా వేళ్ళతో లయ కొట్టేది. ఆ పద్ధతి తర్వాతి తరాల కంట్రీ గిటారుకు పాఠమైంది.

ఆ కుటుంబ పెద్ద ఎ.పి. కార్టర్ ఊరూరూ తిరిగి పాటలు సేకరించేవాడు. ఆయనతో పాటు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు వెళ్ళేవాడు. ఎ.పి. మాటలు రాసుకునేవాడు, రిడిల్ వరస మనసులో పట్టుకునేవాడు. మేబెల్ కూడా ఆయన వాయింపు చూసి నేర్చుకుంది. రికార్డుల మీద మాత్రం కార్టర్ల పేరే ఉంది. ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకో చివర చెప్తాను.

గోడ అవతలికి సంగీతకారులు వెళ్తూనే ఉన్నారు. 1930లో కంట్రీ పితామహుడనిపించుకున్న జిమ్మీ రోజర్స్ 'బ్లూ యోడెల్ నంబర్ 9' పాడితే, ట్రంపెట్ ఊదింది జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. పియానో ఆయన భార్య లిల్ హార్డిన్. జాజ్ సంగతి కూడా ఇలాంటిదే. న్యూ ఆర్లియన్స్ నల్లజాతి బృందాలు పెంచిన సంగీతం అది. 1917లో వచ్చిన మొదటి జాజ్ రికార్డు మాత్రం తెల్లవాళ్ళ బృందానిది.

చర్చి పాటా, క్లబ్బు పాటా

మా రైనీకి పియానో వాయించిన థామస్ డోర్సీ 1932లో భార్యనూ, అప్పుడే పుట్టిన బిడ్డనూ పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖంలో 'టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్' అనే ప్రార్థన గీతం కట్టాడు. బ్లూస్ స్వరాలు, బ్లూస్ ఊపు భక్తిపాటలోకి తెచ్చాడు. అదే గాస్పెల్. ఒక గాయని ముందు నడుస్తుంది, బృందం బదులిస్తుంది, సభంతా చప్పట్లు కొడుతుంది. మొదట్లో కొన్ని చర్చిలు దీన్ని రానివ్వలేదు, ఇది క్లబ్బు పాట అన్నారు.

ఇంకో అడుగు ముందుకు వేసింది సిస్టర్ రోసెట్టా థార్ప్. ఆర్కాన్సా రాష్ట్రంలో పుట్టి, చిన్నప్పటి నుంచే తల్లితో కలిసి చర్చిల్లో పాడింది. తర్వాత ఎలక్ట్రిక్ గిటారు మెడలో వేసుకుని దేవుడి పాటలు పాడింది. చర్చి పెద్దలు కోప్పడినా నైట్‌క్లబ్బుల్లోనూ పాడింది. 1945లో వచ్చిన ఆమె 'స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే' రేస్ రికార్డుల పట్టికలో రెండో స్థానం దాకా వెళ్ళింది. ఆ వాయింపు వింటే, పదేళ్ళ తర్వాత మగవాళ్ళు పేరు తెచ్చుకున్న రాక్ గిటారు అప్పుడే తయారై ఉందని తెలుస్తుంది.

ఒక రికార్డు, రెండు పక్కలు

1949లో బిల్‌బోర్డ్ పత్రిక తన పట్టికలో 'రేస్ రికార్డ్స్' పేరు తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అని పెట్టింది. ఆ పేరు సూచించింది అక్కడ పనిచేసిన జెర్రీ వెక్స్‌లర్. మర్యాదైన పేరే. కానీ పట్టిక వేరుగానే ఉంది.

1954 జూలైలో మెంఫిస్‌లోని సన్ కంపెనీ ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డు విడుదల చేసింది. ఒక పక్క 'దట్స్ ఆల్ రైట్', ఆర్థర్ క్రుడప్ అనే నల్లజాతి బ్లూస్ గాయకుడిది. రెండో పక్క 'బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ', బిల్ మన్రో అనే తెల్ల కంట్రీ గాయకుడిది. ముప్పై ఏళ్ళుగా రెండు కేటలాగుల్లో ఉంచినవి ఒకే పళ్ళానికి రెండు వైపులయ్యాయి. జూనియర్ చెల్లీ, నీ ప్రశ్నకు జవాబు: ఆ రెండు పాటలూ ఆయన కట్టినవి కావు. క్రుడప్ తన పాటల డబ్బు కోసం చివరిదాకా పోరాడాడు.

'హౌండ్ డాగ్' కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1952లో లాస్ ఏంజెలిస్‌లో లీబర్, స్టోలర్ అనే 19 ఏళ్ళ కుర్రాళ్ళు ఇద్దరు బిగ్ మామా థార్న్‌టన్ గొంతు చూసి ఆమె కోసమే కట్టిన పాట అది. తన దగ్గర తిని తిరిగే మగవాణ్ణి ఒక ఆడది గుమ్మం బయటికి నెట్టే పాట. 1953లో రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1956లో ఎల్విస్ పాడిన దాంట్లో మాటలు మారిపోయాయి, మగవాడు పోయి నిజంగానే కుక్క మిగిలింది. అది పాప్, కంట్రీ, రిథమ్ అండ్ బ్లూస్ మూడు పట్టికల్లోనూ మొదటికి చేరింది. తనకు దక్కింది ఐదు వందల డాలర్ల చెక్కు ఒక్కటేనని థార్న్‌టన్ చెప్పుకుంది.

ఎల్విస్ దొంగ అని నేను అనను. ఆయనకు ఆ పాటల మీద ప్రేమ ఉంది, గొంతూ ఉంది. చక్ బెర్రీ కూడా 'ఐడా రెడ్' అనే పాత కంట్రీ పాటను మలిచి 1955లో 'మేబెలీన్' చేశాడు. పాటలు ఎప్పుడూ ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి తిరుగుతూనే ఉంటాయి. అది తప్పు కాదు. గుమ్మం దాటినప్పుడు డబ్బూ పేరూ ఒకవైపే పోవడం తప్పు.

రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1986లో మొదటి విడతలోనే ఎల్విస్‌ను చేర్చుకుంది. రోసెట్టా థార్ప్ 2018లో చేరింది. థార్న్‌టన్ 2024లో. అప్పటికి ఇద్దరూ చనిపోయి చాలా ఏళ్ళయింది. బెస్సీ స్మిత్ 1937లో కారు ప్రమాదంలో పోతే, ఆమె సమాధి మీద పేరున్న రాయి పెట్టింది 1970లో. గాయని జానిస్ జాప్లిన్, హువానీటా గ్రీన్ అనే ఇంకొకావిడ కలిసి ఆ ఖర్చు పెట్టుకున్నారు.

తర్వాతివి క్లుప్తంగా

సోల్ అంటే గాస్పెల్ గొంతుతో లోకపు ప్రేమ పాడటం. రే చార్ల్స్ 1954లో ఒక గాస్పెల్ పాట వరసను ప్రేమపాట చేశాడు. 1965లో ఓటిస్ రెడింగ్ కట్టి పాడిన 'రెస్పెక్ట్'ను 1967లో అరీథా ఫ్రాంక్లిన్ పాడింది. మగవాడు ఇంట్లో మర్యాద అడిగే పాట, ఆమె నోట స్త్రీ మర్యాద అడిగే పాటైంది. 'హౌండ్ డాగ్'కు జరిగిందానికి ఇది అటువైపు!

హిప్ హాప్ పుట్టినరోజుగా 1973 ఆగస్టు 11 చెప్తారు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి, స్కూలు తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బు కోసం తమ అపార్టుమెంటు కింది హాల్లో పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. రికార్డులు వేసింది ఆమె అన్న క్లైవ్, అంటే డీజే కూల్ హెర్క్. పాటలో డ్రమ్ములు మాత్రమే మోగే ముక్కకు జనం ఎక్కువ ఆడుతున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు ప్రతులతో ఆ ముక్కనే సాగదీసే పద్ధతి పెంచాడు. 1979లో 'రాపర్స్ డిలైట్'ను రికార్డు చేయించి ఆ సంగీతాన్ని దేశమంతా వినిపించిన నిర్మాత కూడా స్త్రీయే, సిల్వియా రాబిన్సన్.

విని గుర్తుపట్టడానికి

బ్లూస్: మొదటి పాదం రెండుసార్లు, మూడోది జవాబు; పాడటం ఆగినచోట వాద్యం పలుకుతుంది.
కంట్రీ: కథ, ఫిడేలు, గిటారు, ముక్కుగొంతు.
గాస్పెల్: ఒకరి పిలుపు, బృందం బదులు, చప్పట్లు.
రాక్ అండ్ రోల్: బ్లూస్ చట్రానికే వేగం, ఎలక్ట్రిక్ గిటారు, నాలుగు దెబ్బల్లో రెండోది, నాలుగోది గట్టిగా.
సోల్: గాస్పెల్ గొంతు, లోకపు వస్తువు.
హిప్ హాప్: తిరిగి తిరిగి వచ్చే డ్రమ్ము ముక్క మీద లయతో మాట.

2024లో బియాన్సే కంట్రీ పాట ఒకటి బిల్‌బోర్డ్ కంట్రీ పట్టికలో మొదటికి వచ్చింది. ఆ పట్టికలో ఆ చోటుకు చేరిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. ఆ పాటలో బాంజో వాయించింది రియానన్ గిడెన్స్ అనే ఇంకో నల్లజాతి కళాకారిణి. బాంజో తిరిగి ఇంటికొచ్చిందనిపించింది నాకు.

నా నోటుపుస్తకం

లెస్లీ రిడిల్ దగ్గర ఎందుకు ఆగిపోయానో చెప్తానన్నాను కదా. జానపద గేయాల పేపరు కోసం మా వీధి చివరింటి అవ్వ దగ్గర నాట్ల పాటలు నాలుగు రాసుకున్నాను. నోటుపుస్తకం మొదటి పేజీలో 'సేకరణ' అని నా పేరు, రోల్ నంబరు అందంగా రాశాను. అవ్వ పేరు ఎక్కడా లేదు. నిజం చెప్పాలంటే నేను అడగనే లేదు. అందరూ 'చివరింటి అవ్వ' అంటారు, నేనూ అంతే.

పోయిన ఆదివారం వెళ్ళి, "అవ్వా, నీ పేరు రాసుకోవాల" అన్నాను. అవ్వ నవ్వి, "నా పేరెందుకే? ఆ పాటలు నాకు మా అత్త నేర్పె. రాస్తే ఆయమ్మ పేరు రాయి" అంది. ఇద్దరి పేర్లూ రాసుకున్నాను. అత్త పేరు గుర్తు చేసుకోవడానికి అవ్వకు కాసేపు పట్టింది. చుట్టుపక్కల అందరూ ఆమెనూ వరస పెట్టి పిలిచినవాళ్ళే మరి.

ఈ ఏడు పాటలు సేకరించే రెండో సంవత్సరం వాళ్ళకు నా మనవి. ఫారంలో 'సేకర్త' గడి ఒక్కటే ఉంది. దాని పైన ఇంకో రెండు గడులు గీసుకోండి: 'పాడినవారు', 'ఎవరి దగ్గర నేర్చుకున్నారు'. మేడమ్‌ను అడిగాను, సరేనన్నారు.